ఉత్తరపు పరంజా మీద గొంతు

చీకటి పడ్డాక ఆ ఉత్తరం వైపు పరంజా ఎక్కమంటే ఎవరూ ఎక్కరు. ముప్ఫై ఏళ్ళుగా ఇనప పైపుల మీదే బతికిన ముసలి పనివాళ్ళు కూడా, నాలుగో అంతస్తు అనేసరికి ఏదో అర్జెంటు పని గుర్తొచ్చినట్టు జారుకుంటారు.

ఉత్తర జపానులో మంచు ఊరది. కడుతున్నదేమో వృద్ధాశ్రమం. కట్టేవాళ్ళంతా అందులో చేరాల్సిన వయసువాళ్ళే. ఊరి కుర్రకారు ఏనాడో టోక్యో రైలెక్కేశారు. అందుకని, పని నేర్పిస్తామని చెప్పి పైదేశాల పిల్లల్ని రప్పించారు. నేర్పించే గురువు ఒనోదెరా మేస్త్రీ. ఆయన పాఠమంతా చేతిలోని ఇనప పానాలోనే ఉంది. తప్పు చేస్తే హెల్మెట్ మీద ఠంగుమని ఒకటి పడుతుంది. హెల్మెట్ తీసి ఉన్నప్పుడైతే ఇంకా ఉత్సాహంగా కొడతాడు.

పోయిన అక్టోబరులో వహ్యూ అనే ఇండొనేసియా కుర్రాడు ఆ నాలుగో అంతస్తు నుంచి పడి చచ్చిపోయాడు. నడుం బెల్టు కొక్కెం పైపుకి తగిలించుకోలేదు, తప్పు వాడిదేనని కాగితాల మీద రాసి శవాన్ని ఇంటికి పంపేశారు.

అప్పట్నుంచీ... పొద్దు వాలితే చాలు, పైనుంచి ఒక గొంతు, అచ్చం వహ్యూ యాసలో.

"కొక్కెం... సరే!"

అక్కడి పనిలో అదొక ఆచారం. అడుగు వేసే ముందు దేన్ని సరిచూస్తున్నావో దాన్ని వేలెత్తి చూపించి, గట్టిగా పైకి చెప్పాలి. కొక్కెం సరే. పలక సరే. ఒకడు అరిస్తే దగ్గరున్నవాడు తనదీ చూసుకుని, వేలు చూపించి బదులివ్వాలి. ఏళ్ళ తరబడి చేసినవాళ్ళకి నిద్రలో కూడా వేలు లేస్తుందట.

వహ్యూ పోయిన నెలకి వియత్నాం నుంచి ఖోయ్ వచ్చాడు. మూడు నెలల్లో పానా దెబ్బలకి కుడి చెంప కమిలిపోయింది. వీడియోలో అమ్మకి ఎడమ చెంప మాత్రమే చూపించేవాడు. నోరు విప్పితే మర్నాడే విమానం ఎక్కించేస్తారని భయం.

ఫిబ్రవరిలో ఒకరోజు... సాయంత్రం అయిదున్నరకే కటిక చీకటి. గాలి లేచింది. పరంజాకి అడ్డంగా కట్టిన టార్పాలిన్ పట్టాలు విప్పి చుట్టకపోతే గాలి మొత్తం పరంజానే లాగేస్తుంది.

"ఒరేయ్ వియత్నాం, ఎక్కు."

"ఒక్కణ్ణేనా మేస్త్రీగారూ? కుడో తాత..."

కుడో తాతకి డెబ్బై నాలుగేళ్ళు. మనుషులు దొరక్క ఇంకా పని చేయిస్తున్నారు. ఖోయ్‌ని పేరు పెట్టి పిలిచేది ఆయనొక్కడే.

"ఆ ముసలోడు నాలుగున్నరకే డబ్బా సర్దుకుని పోయాడు. నీకు తోడు దెయ్యం ఉందిగా, ఎక్కు!"

ఖోయ్ ఎక్కాడు. ఒకటి... రెండు... మూడు. నాలుగో అంతస్తులో పలక మీద మంచు గడ్డకట్టి ఉంది. కొక్కెం తగిలించి, వేలు చూపించి, గొణిగాడు.

"కొక్కెం... సరే."

పైనుంచి, చీకట్లోంచి — "కొక్కెం... సరే."

ఖోయ్ ఉలిక్కిపడ్డాడు. విప్పుతున్న పట్టా తాడు వదిలేశాడు. పట్టా ఊడి గాలికి ఫటఫటా కొట్టుకుంది.

కింద ఒనోదెరా బూతులు మొదలయ్యాయి. అక్టోబరు తర్వాత ఆ వైపు కాలు పెట్టని మనిషి... కోపంలో ఒళ్ళు మరిచి ధనధనా ఎక్కి వచ్చేశాడు. వస్తూనే పానాతో మొహం మీద కొట్టాడు. పెదవి చీలింది, పన్ను విరిగింది. పడిపోయినవాణ్ణి ఇనప బూటుతో డొక్కలో రెండు తన్నులు తన్నాడు. మెడ పట్టి లేపి రెయిలింగు మీదికి వెనక్కి వంచాడు. ఖోయ్ నెత్తురు మంచు మీద బొట్లుబొట్లుగా పడింది.

"తాడు పట్టడం రాదు! తినడానికి మాత్రం వస్తుంది! నీక్కూడా వాడి పాఠమే చెప్పాలిరా..."

మేస్త్రీ పైపుకున్న ఖోయ్ కొక్కెం తీసి పడేశాడు.

అప్పుడు అర్థమైంది ఖోయ్‌కి. వహ్యూ కొక్కెం తగిలించుకోకపోవడం కాదు. ఎవరో తీసేశారు. ఇప్పుడు తన వంతు.

"మేస్త్రీ..." పైనుంచి గొంతు. "కొక్కెం...?"

ఒనోదెరా కొయ్యబారిపోయాడు. ఖోయ్ మెడ మీద పట్టు సడలింది. ఖోయ్ జారి పలక మీద కూలబడి, రెండు చేతులతో పైపుని కావలించుకున్నాడు.

"కొక్కెం...?"

"నేను తొయ్యలేదురా!" ఒనోదెరా చీకట్లోకి కేకపెట్టాడు. "కొక్కెం మాత్రమే తీశాను! భయపెడదామనుకున్నా... నువ్వే జారావు!"

"కొక్కెం...?"

ముప్ఫై ఏళ్ళ అలవాటు. రెయిలింగు పట్టుకున్న చెయ్యి దానంతటదే లేచింది, వేలు చాపింది, తన నడుం వైపు తిరిగింది. కొక్కెం ఊరికే వేలాడుతోంది. కోపంలో తగిలించుకోనే లేదు. అదిరిపడి ఒక్క అడుగు వెనక్కి వేశాడు. రెయిలింగు ఆగిపోయిన చోట, పట్టా ఊడిన ఖాళీలో కాలు పడింది.

రెండుసార్లు పైపులకి కొట్టుకున్న చప్పుడు. తర్వాత... కింద నుంచి అరుపు. చావలేదు. మంచులో పడి, విరిగిన ఎముక తోలు చీల్చుకుని బయటికొస్తే, పందిని కోస్తున్నట్టు అరుస్తున్నాడు.

ఖోయ్ తల పైకెత్తాడు. ఐదో అంతస్తు నిచ్చెన మీంచి ఏదో దిగుతోంది. మెల్లగా... ఒక్కొక్క మెట్టే...

"భయపడకు. నేనే."

కుడో తాత. కనుబొమల నిండా మంచు.

"మరి... గొంతు వహ్యూదని అందరూ..."

"వాడికి ఈ భాష నేర్పింది నేనేరా. ప్రతి మాటా నా నోటి వెంటే పట్టుకున్నాడు. నా యాసే వాడికీ వచ్చింది." తాత కనుబొమల మీది మంచు తుడుచుకున్నాడు. "ఆ పిల్లాడు కేక వెయ్యకుండా ఒక్క మెట్టు ఎక్కడు. తప్పు వాడిదని రాశారు. మేస్త్రీ నోటితోనే నిజం కక్కించాలని రోజూ వచ్చి కూర్చున్నా. విన్నావుగా? నువ్వూ సాక్షివే. ఇద్దరం చెబుదాం."

ఖోయ్ ఫోను తీసి అంబులెన్సుకి చెప్పాడు. నెత్తురు ఉమ్మేసి తాత వైపు చూశాడు.

"మేస్త్రీయే తీశాడని మీకెలా తెలుసు తాతా?"

"ఆ రోజు నేను పైనే ఉన్నా. ఇక్కడే... చూశాను."

గాలికి పట్టా కొట్టుకుంటోంది.

"చూస్తూ ఉన్నారు కదా," అన్నాడు ఖోయ్, గుసగుసగా. "ఆ రోజు కొక్కెం అని ఎందుకు కేక వెయ్యలేదు తాతా?"

కుడో తాత వంగి, ఊడిపడి ఉన్న ఖోయ్ కొక్కెం తీసి పైపుకి తగిలించాడు. దాన్ని వేలెత్తి చూపించాడు.