గురువారం రెండింటికి పదహారు డిగ్రీలు

సూర్యాపేటలో తులసీరాం చనిపోయిన గది ఇంకా చల్లగానే ఉంది.

ఏసీ మెకానిక్ వేషంలో, భుజాన టూల్ బ్యాగుతో, ఏజెంట్ సైదులు మంచం పక్కన నిలబడ్డాడు. శవాన్ని చూశాడు. ఏమీ అనిపించలేదు. ఈ మధ్య అతనికి ఏదీ అనిపించడం లేదు. ఆకలి కూడా గడియారం చూస్తేనే గుర్తొస్తోంది.

ఇయర్‌పీస్‌లో చీఫ్ శ్రీహరి గొంతు వినిపించింది.

"పవర్ గ్రిడ్‌కు సైబర్ లాక్ రాసింది ఇద్దరే ఇంజనీర్లు. ఒకాయన నీ ముందట ఉన్నడు. ఇంకొకామె అరుణ, మిర్యాలగూడ. ఆమె కూడా పోతే, విదేశీ ముఠా ఆ లాక్ ఇరగ్గొట్టినా మళ్లీ ఏసేటోళ్లు లేరు."

"ఎట్ల చంపిన్రు సార్?"

"గోడకున్న థర్మోస్టాట్, గదే ఏసీ చలి సెట్ చేసే డబ్బ, విప్పి సూడు."

సైదులు విప్పాడు. సర్క్యూట్ వెనక ఖాళీ గ్యాస్ క్యాప్సూల్ ఉంది. తులసీరాం ఫోన్‌లో వారమంతటికీ ఏసీ ఎప్పుడెంత ఉండాలో చెప్పే రెడీమేడ్ టెంప్లేట్ కనబడింది. ఇంట్లో ఉంటే ఇరవై ఆరు, నిద్రకు ఇరవై నాలుగు, బయటికెళ్తే ఆఫ్. నిన్నటి వరుసలో మాత్రం మధ్యాహ్నం పదహారు. సెట్టింగ్ పదహారుకు పడగానే క్యాప్సూల్ తెరుచుకుంటుందన్నమాట. ఎండాకాలం చల్లగా పడుకుందామనుకున్నాడు పాపం, ఇక లేవలేదు.

"బిగించింది కోదాడ షోరూం," అన్నాడు చీఫ్. "మన సంగీతదే. పోయి అడుగు."

సంగీత డిపార్ట్‌మెంట్ మనిషి. షోరూం ఆమెకు ముసుగు. గతంలో ఒక మిషన్ కోసం ఆమె, సైదులు భార్యాభర్తలుగా నటించారు. ఆమె నటన మానేసి వెళ్లిపోయింది. అతనికి మానడం రాలేదు. అప్పటినుంచే ఈ మొద్దుతనం.

కోదాడలో ఆమె పట్టుచీరలో, తలమీదికి నెట్టిన గాగుల్స్‌తో ఎదురొచ్చింది.

"టన్నున్నరా, రెండా?" అన్నాడు. అది కోడ్.

"ముందు కిటికీలెన్నో చెప్పండి," అంది. అదీ కోడే. తర్వాత గొంతు తగ్గించి, "ఏంటి, ఇంత చిక్కిపోయావు?" అంది.

"అరుణ షెడ్యూల్ సూపెట్టు."

ఆమె ల్యాప్‌టాప్ తిప్పింది. నైట్ షిఫ్ట్ వాళ్ల టెంప్లేట్. పగలు నిద్ర, సాయంత్రం ఇల్లు, రాత్రి ఆఫ్. గురువారం వరుసలో రెండింటికి పదహారు.

"ఇయ్యాల గురువారం గదా."

"అవును. పొద్దున్నే నేనే వెళ్లి బిగించి వచ్చాను."

ముఠాతో కలిసిన సంగతి ఆమె దాచనైనా దాచలేదు. ఒక కీ నొక్కింది. షెడ్యూల్ పాస్‌వర్డ్ మారిపోయింది, ఇక ఇక్కడినుంచి ఆ పదహారును ఎవరూ మార్చలేరు. మరుక్షణం ఆమె చేతిలోని లిప్‌స్టిక్ అతని కళ్లలోకి స్ప్రే కొట్టింది. అతను కళ్లు నులుముకుని చూసేసరికి వెనక తలుపు తెరిచి ఉంది. షోరూంలో లైట్లు, ఫ్యాన్లు ఆగిపోయి ఉన్నాయి. ప్రాణభయంతో పారిపోతూ కూడా స్విచ్‌లు ఆపి వెళ్లింది మహాతల్లి.

అరుణ ఫోన్ ఎత్తడం లేదు. నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్న మనిషి ఎత్తదు.

"లోకల్ పోలీసులకు చెప్తే ముఠాకు ముందుగాల తెలుస్తది," అన్నాడు చీఫ్. "నువ్వే పో."

మిర్యాలగూడలో రైస్ మిల్లుల ముందు వడ్ల లారీలు రోడ్డును సగం మింగేశాయి. సైదులు బైకును వాటి సందుల్లోంచి దూర్చాడు. అరుణ బెడ్‌రూం తలుపు లోపల గడియ పెట్టి ఉంది. భుజంతో మూడోసారి గుద్దితే గడియ ఊడింది. రెండవుతోంది. ఊపిరి బిగబట్టి, ఆమెను దుప్పటితో సహా వాకిట్లోకి లాక్కొచ్చాడు.

"ఎవర్రా నువ్వు? ఏం పుట్టింది నీకు?" అని అరిచింది అరుణ.

రెండు దాటింది. లోపల ఏ శబ్దమూ లేదు. ఏసీ ఆన్ కాలేదు. సైదులు ముక్కుకు తడి గుడ్డ కట్టుకుని లోపలికెళ్లాడు. థర్మోస్టాట్ తెర వెలగకుండా నల్లగా ఉంది. దాని కింద గోడ స్విచ్ ఆఫ్ చేసి ఉంది.

"ఇది మీరు బంద్ చేసిన్రా?"

"నేను ముట్టనే లేదు. పొద్దుగాల ఒకామె బిగించి పోయింది. నేను ఫ్యాన్ ఏసుకొని పండుకున్న."

సాయంత్రానికి సంగీత రాష్ట్ర సరిహద్దు దగ్గర దొరికింది. సూర్యాపేటలో కిటికీల్లేని గదిలో ఆమె ఎదురుగా సైదులు కూర్చున్నాడు.

"స్విచ్ కావాలనే ఆపినవా? అవునను సాలు, అప్రూవర్‌వు అయితవ్. నేను రాసిస్త."

ఆమె అవుననాలని అతనికి గట్టిగా అనిపించింది. ఎన్నాళ్లకో ఒకటి అనిపించింది. గుండె దడదడలాడింది.

సంగీత తల అడ్డంగా ఊపింది.

"చిన్నప్పుడు గదిలోంచి వస్తూ స్విచ్ ఆపకపోతే మా అమ్మ వీపు పగలగొట్టేది," అంది. "ఆపినట్టు కూడా గుర్తులేదు సైదులూ. అబద్ధం చెప్పమంటావా?"

"వద్దు."

దడ తగ్గిపోయింది. మళ్లీ ఏమీ లేదు. అతను లేచి బయటికొచ్చి తలుపు వేశాడు.

"సైదులూ," లోపల్నుంచి పిలిచింది. "నేనింకా ఇక్కడే ఉన్నాను. లైటు వెయ్యి."

అతను చూసుకున్నాడు. తన వేలు స్విచ్ మీదే ఉంది.