తప్పువైపు కోసిన ప్యానెల్

“టబ్ కొలిచారా అండీ?”

నెడ్ అడిగింది ఇంతే. కౌంటర్ అవతల తడిసిన గొడుగుతో నిలబడ్డ అమ్మాయికి ఒళ్ళు మండింది.

“మగాళ్ళొస్తే కూడా ఇదే అడుగుతారా?”

“అడుగుతానండీ. వాళ్ళూ కొలవరు.”

“నేను బడిలో లెక్కలు చెబుతాను. మామూలు టబ్. మామూలు ప్యానెల్ ఇవ్వండి.”

హాలిఫాక్స్‌లో కొండెక్కే రోడ్డు మలుపులో ఉన్న ఆ కొట్టు నెడ్ వాళ్ళ బాబాయ్ విల్ఫ్‌ది. కుళాయిలు, షవర్లు, టబ్ కాళ్ళూ పైపులూ బయటికి కనపడకుండా ముందువైపు మూసే ప్యానెల్స్ అమ్ముతారు. ఆ ఊళ్ళో పాత ఇళ్ళలో టబ్బులు ఓ అంగుళం పొట్టి అని చెప్పడానికి నెడ్ నోరు తెరిచాడు. అప్పటికే ఆమె కార్డు తీసింది. మూసుకున్నాడు.

బస్టాపు దాకా మోసుకొస్తానన్నా ఒప్పుకోలేదు. గాలికి ప్యానెల్ అటు లాగుతుంటే ఆమె ఇటు లాగుతూ వెళ్ళింది. నెడ్ అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఆ కొట్లోంచి రోజూ జనం ఏదో ఒకటి మోసుకుపోతూనే ఉంటారు. అతను అలా చూస్తూ నిలబడటం మాత్రం అదే మొదటిసారి.

ఆ అమ్మాయి పేరు హెస్టర్. మూడేళ్ళ క్రితం డొమినిక్ అనే అతనితో కలిసి ఇల్లు కొనుక్కుంది, పెళ్ళి కూడా చేసుకుందామనుకుంది. ఇంట్లోకి దిగిన వారానికే డొమినిక్ పగిలిపోయిన పాత ప్యానెల్ పీకేశాడు. కొత్తది వచ్చే ఆదివారం పెడతానన్నాడు. అలాంటి ఆదివారాలు వంద దాకా గడిచాయి. తర్వాత ఉద్యోగం కోసం బ్రిస్టల్ వెళ్ళి, అక్కడ ఉద్యోగంతో పాటు ఇంకో అమ్మాయిని కూడా చూసుకున్నాడు.

హెస్టర్ ఎక్కువ ఏడవలేదు. కానీ స్నానానికి వెళ్ళినప్పుడల్లా ఆ టబ్ కాళ్ళు, దుమ్ముపట్టిన పైపులు, వాటి మధ్య సాలీడు. చూడ్డానికొచ్చినప్పుడల్లా వాళ్ళమ్మ, “ఈ టబ్బింకా మోకాళ్ళు చూపిస్తూనే ఉందే!” అనేది. ఇక మగవాడి చెయ్యి పడకుండా తన చేత్తోనే ఆ ప్యానెల్ బిగించాలని హెస్టర్ పంతం పట్టింది. ‘వచ్చే ఆదివారం’ అన్న మాట ఇంకే మగాడి నోటా వినదల్చుకోలేదు.

మర్నాడు సాయంత్రం ఫోన్ చేసింది.

“అంగుళం పొడుగుంది.”

“పాత ఇల్లా అండీ?”

“అది నిన్ననే అడగొచ్చుగా?”

“అడగబోయానండీ. మీరు లెక్కల టీచరునన్నారు.”

అవతల ఆమె నవ్వు ఆపుకుంటోందో, తిట్లు ఆపుకుంటోందో నెడ్‌కి తెలియలేదు.

“కోసుకోవచ్చా?” అంది చివరికి.

“కోసుకోవచ్చు. కుళాయిలవైపు గోడకి అడుగున స్కర్టింగ్ చెక్క ఉంటే, దానికోసం కింది మూల కూడా చిన్న ముక్క కొయ్యాలి. నేను వచ్చి...”

“అక్కర్లేదు.”

శనివారం పొద్దున్నే ప్యానెల్ చంకన పెట్టుకుని మళ్ళీ వచ్చింది. జుట్టునిండా రంపపు పొట్టు. దాన్ని కౌంటర్‌కి ఆనించింది. పొడుగు సరిగ్గానే కోసింది. మూల కూడా నీటుగానే కోసింది, కాకపోతే రెండో వైపు మూల. వెనక్కి తిప్పి చూస్తే, కోసిన మూల దగ్గర పెన్సిల్‌తో పెద్ద అక్షరాల్లో ‘ఎడమ’ అని రాసి, బాణం గుర్తు కూడా వేసుంది.

“బోర్లా పెట్టి గీశారా?”

“తెల్లరంగు పాడవకూడదని బోర్లా పెట్టాను. బోర్లా పెడితే ఎడమ కుడవుతుందని...” ఆగిపోయింది. “నవ్వండి. ఫర్లేదు.”

“నేను నవ్వనండీ. నా మొదటిది కూడా ఇలాగే కోశాను.”

“అబద్ధం.”

“బాబాయ్‌ని అడగండి.”

లోపల టీ తాగుతున్న విల్ఫ్ కేకేశాడు. “మొదటి రెండూ!”

హెస్టర్ నవ్వింది. నవ్వితే బాగుంటుందని నెడ్ అనుకున్నాడు. కథల్లో అందరూ అనుకునేదే, కానీ ఆమె నిజంగానే బాగుంది.

ఇంకో ప్యానెల్ కొంది. పాడైనదాన్ని పారెయ్యమని అక్కడే వదిలేసింది. నెడ్ పారెయ్యలేదు, కొట్టు వెనక గోడకి ఆనించాడు. ఎందుకని విల్ఫ్ అడగలేదు. అడగక్కర్లేనంతగా కనపడుతూనే ఉంది.

వారం తర్వాత ఇంట్లో చేసిన అల్లం కేకు డబ్బాలో పెట్టుకుని వచ్చింది. ఫోన్‌లో ఫొటో చూపించింది. తెల్లటి ప్యానెల్ గోడనుంచి గోడకి వెంట్రుకవాసి సందు లేకుండా కూర్చుంది.

“ఒక్కదాన్నే బిగించాను. ఎవరూ ముట్టుకోలేదు.”

“మరి నాకెందుకు కేకు?”

“మీరు ముట్టుకోనందుకే. పెన్సిల్ లాక్కుని ‘ఇలా ఇవ్వు, నేను చేస్తా’ అనకుండా ఉన్న మొదటి మనిషి మీరు.”

ఈ మాటకి పొంగిపోయి నెడ్ ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రమ్మన్నాడు. ఆమె సరేనంది. ఆ తొందరలో తన ఇంటి సంగతి మర్చిపోయాడు.

ఆదివారం అంతా బాగానే మొదలైంది. అండీలు పోయి నువ్వులోకి దిగారు. పొయ్యిలో మాంసం కాలుతోంది. చేతులు కడుక్కొస్తానని హెస్టర్ మేడెక్కింది. దిగొచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది.

“నెడ్, నీ టబ్‌కి ప్యానెల్ లేదు.”

గ్రేవీ కలుపుతున్న చెంచా ఆగిపోయింది.

“అవును... తీరిక దొరక్క...”

“ఎన్నాళ్ళనుంచి?”

“నాలుగేళ్ళు.”

“ప్యానెల్స్ అమ్మేవాడివి!”

“పొద్దస్తమానం వాటినే చూసి ఇంటికొస్తే, మళ్ళీ వాటి ముఖం చూడబుద్ధి కాదు. వచ్చే ఆదివారం పెట్టేస్తాలే.”

అనకూడని మాట ఏదో అదే అన్నాడు. హెస్టర్ కోటు అందుకుంది.

“ఈ మాట రెండేళ్ళు విన్నాను. టబ్‌దేముంది, ఎదురుచూస్తూ పడుంటుంది. దాని పక్కన నేను కూడా అలాగే పడున్నాను. ఇంకోసారి నావల్ల కాదు.”

నెడ్ గుమ్మందాకా వెళ్ళాడు. ఆమె వానలో గొడుగు తెరవకుండానే వీధి చివరిదాకా వెళ్ళిపోయింది. మాంసం మాడింది.

సోమవారమంతా కొట్లో ఏ కుళాయి అడిగినవాళ్ళకి ఏ కుళాయి ఇచ్చాడో అతనికే తెలియదు. సాయంత్రం విల్ఫ్ కప్పు కింద పెట్టి అడిగాడు.

“తప్పెవరిది?”

“నాదే బాబాయ్. తను ఎక్కడికీ పోదులే అని నేను కూడా ధీమాగా ఉంటానేమోనని ఆ పిల్ల భయపడింది. నేనలాంటివాణ్ణి కానని చెప్పడానికి నా దగ్గర రుజువు లేదు.”

“నీ ఇంట్లో కుళాయిలు ఏ వైపురా?”

“కుడి...” అంటూనే నెడ్ కొట్టు వెనక్కి చూశాడు.

ఆ ఊళ్ళో వరస ఇళ్ళు కట్టినవాళ్ళు ఒక ఇంటిని ఎలా కడితే, పక్క ఇంటిని దానికి అద్దంలో నీడలా కట్టుకుంటూ పోయారు. హెస్టర్ ఇంట్లో కుళాయిలు ఎడమకి ఉంటే, నెడ్ ఇంట్లో కుడికి. టబ్ మాత్రం అదే పాత కొలత. హెస్టర్ తప్పుగా కోసిన మూల నెడ్ ఇంటికి సరైన మూల.

మర్నాడు, మంగళవారం, సాయంత్రం ఐదు గంటలకి హెస్టర్ ఇంటి తలుపు చప్పుడైంది. నెడ్ తడిసి ముద్దై ఉన్నాడు.

“ఒక్క పది నిమిషాలు వచ్చి చూడు. నచ్చకపోతే మళ్ళీ నీ గుమ్మం తొక్కను.”

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. లోపలికెళ్ళి కోటుతో పాటు రసమట్టం కూడా పట్టుకొచ్చింది.

నెడ్ ఇంట్లో మేడ మీద టబ్‌కి తెల్లటి ప్యానెల్ ఉంది. హెస్టర్ వంగి రసమట్టం పెట్టింది. బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది. స్కర్టింగ్ దగ్గర కోసిన మూలని వేలితో తడిమింది.

“ఇది నేను కోసిందే!”

“నువ్వు కోసిందే. నేను బిగించానంతే. గీత కూడా గీయలేదు.”

“లోపల చట్రం వేశావా, ఊరికే ఆనించావా?”

“విప్పి చూసుకో.”

నిజంగానే విప్పింది. లెక్కల టీచర్లు జవాబొక్కటే చూసి మార్కులెయ్యరు. నాలుగు స్క్రూలూ తీసి ప్యానెల్ పక్కకి జరిపి, ఫోన్ లైటు లోపలికి కొట్టింది. చట్రం గట్టిగా ఉంది. దాని వెనక, మళ్ళీ ఎవరూ చూడరనుకున్న గోడమీద, నెడ్ పెన్సిల్ రాత ఉంది.

‘అక్టోబర్ పధ్నాలుగు, మంగళవారం. ఆదివారం దాకా ఆగలేదు. నెడ్.’

హెస్టర్ లైటు ఇంకాస్త దగ్గరికి తెచ్చి మళ్ళీ చదివింది.

“నేను చూస్తానని రాశావా?”

“నువ్వు రాకపోయినా అక్కడే ఉండేది. నువ్వంటే నాకు ఇష్టం హెస్టర్. ఆ రోజు గాలిలో ప్యానెల్‌తో కుస్తీపట్టావు చూడు, అప్పట్నించీ.”

“పెన్సిల్ ఇలా ఇవ్వు.”

ఇచ్చాడు. ఆమె టబ్ కిందికి సగం దూరి, ఆ రాత కింద ఏదో రాసి, మోచేతులు దుమ్ము చేసుకుని బయటికొచ్చింది. నెడ్ వంగి చదివాడు.

‘చూశాను. గట్టిగానే ఉంది. హెస్టర్.’

ప్యానెల్‌ని ఇద్దరూ చెరోవైపు పట్టుకుని యథాస్థానంలో పెట్టారు. స్క్రూలు ఆమే బిగించింది. మూడోది బిగిస్తూ తల తిప్పకుండానే అంది.

“ఆదివారం మా అమ్మ వస్తోంది. నువ్వూ భోజనానికి రా.”

“వచ్చే ఆదివారమా?”

“ఊఁ. వచ్చే ఆదివారమే.”

ఆ మాట తన నోటితో తనే అన్నందుకు ఆమెకే నవ్వొచ్చింది. నవ్వుతూనే నాలుగో స్క్రూ కోసం చెయ్యి చాపింది. నెడ్ స్క్రూ ఇచ్చాడు, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.