గోడ మీద అరచేతి జాడ

ముక్కాలిపీట మళ్ళీ వంటింటి గుమ్మం పక్కకు వచ్చి కూర్చుంది.

నిన్న సాయంత్రమే అబిగయీలు దాన్ని తీసుకెళ్ళి పెరట్లో కట్టెల చాటున పడేసింది. అంచులు అరిగి, నూనె మరకలతో నల్లబడిన ఆ పీటను చూస్తే ఇల్లు కొనడానికొచ్చే మనిషి మొహం తిప్పుకుంటాడని ఆమె భయం. తెల్లారి లేచి చూస్తే పీట ఎప్పటి చోటే ఉంది. మూడు కాళ్ళున్నంత మాత్రాన పీట నడిచి రాదు కదా. దాన్ని నడిపించిన మనిషి ఎవరో అబిగయీలుకు తెలుసు. ఆ మనిషి ఏమీ ఎరగనట్టు హాల్లో కుర్చీలో కూర్చుని పొద్దుటి ప్రార్థన ముగించి సన్నగా పాట పాడుకుంటోంది.

అల్లూరులో అది జడ్సన్ ఇల్లు అని పేరే గాని, ఇంటి పెత్తనం ఇన్నేళ్ళూ అతని తల్లి మగ్దలీనమ్మదే. జడ్సన్ రొయ్యల గుంటల్లో నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు బాగుచేస్తాడు. అతని భార్య అబిగయీలు నెల్లూరులో ఒక బళ్ళో టీచరు. పదేళ్ళుగా ఆమెది ఒకటే బతుకు. చీకటితో లేవడం, బస్సులో నిలబడి పోవడం, దీపాలు పెట్టాక బస్సులో నిలబడి రావడం. మోకాళ్ళు అరిగాయని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. కూతురు క్యాథరిన్ నెల్లూరులోనే హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఈ ఇల్లు అమ్మేసి బడి దగ్గర ఫ్లాటు తీసుకుంటే తల్లీ కూతుళ్ళు ఒక కప్పు కింద ఉండొచ్చు, మోకాళ్ళూ మిగులుతాయి.

జడ్సన్ నాన్చి నాన్చి, అమ్మ సరేనంటే తనకేం అభ్యంతరం లేదన్నాడు. తీరా అడిగితే మగ్దలీనమ్మ ఒక్క మాటకే సరేనంది. అంత సులువుగా సరేనన్న మనిషి ఇప్పుడు పీటలు మోసుకొస్తోంది. అత్త నోటితో ఔనని చేత్తో కాదంటోందని అబిగయీలు రెండు రోజులుగా మొగుడి చెవిలో పోరుతూనే ఉంది. ఆయన ఎప్పటిలాగే రెంచీ తీసుకుని బండెక్కి గుంటల మీదికి పోయాడు.

అమ్మకానికి ఇంతకంటే ఇరుకైన కాలం ఇంకోటి లేదు. డిసెంబరు వచ్చిందంటే ఊళ్ళో క్రైస్తవుల ఇళ్ళన్నిటికీ ఒకేసారి రంగులు పడాలి, కాబట్టి పెయింటర్లు దొరకరు. కేరల్స్ పాడుకుంటూ వచ్చే సంఘం వాళ్ళకు పెట్టడానికి డబ్బాల నిండా పిండివంటలు కావాలి. బళ్ళో పరీక్షలు. ఇవన్నీ చాలవన్నట్టు కొనేవాడి తొందర మరొకటి. మనుబోలు పద్మనాభయ్య కొడుకు అల్లూరులో రొయ్యల గుంటలు తీసుకున్నాడు, వాడి కోసం ఇల్లు కావాలి. ధనుర్మాసం నెల పట్టిందంటే వాళ్ళింట్లో ఏ మంచి పనీ మొదలుపెట్టరు. ఆ లోపల బయానా ఇస్తాను, లేదంటే ఈ మాట మరిచిపోండని ఆయన తేల్చి చెప్పాడు. నెల పట్టడానికి ఇంక రెండు రోజులే ఉన్నాయి, రేపే ఇల్లు చూడటానికి వస్తానన్నాడు.

ఆయన ఫోన్లో ఇంకో మాట కూడా అడిగాడు, మీ ఇంట్లో పొయ్యి ఏ మూలన ఉందని. అబిగయీలు ఠక్కున ఆగ్నేయంలోనే అనేసింది. నిజానికి పొయ్యి కిటికీ కింద సిమెంటు గట్టు మీద ఉంది. అది ఏ దిక్కో ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు. ఆదివారం గుడికెళ్ళే మనకు వాస్తు ఏందని జడ్సన్ నవ్వాడు. మనకు కాదు, కొనేవాళ్ళకు అని ఆమె విసుక్కుంది. ఆడిన అబద్ధాన్ని నిజం చేయడానికి ఆ పొద్దున, అత్త స్నానానికి వెళ్ళిన సమయం చూసి, గ్యాసు పొయ్యిని మోసుకెళ్ళి ఆగ్నేయం మూలలో ఒక ఇనప బల్ల మీద పెట్టింది. ఖాళీ అయిన గట్టు మీద మంచినీళ్ళ బిందె పెట్టింది.

హాల్లోకి వచ్చి గోడ వైపు చూసిందో లేదో ఆమె ఒళ్ళు మండిపోయింది. మొన్ననే వేయించిన మీగడరంగు. దాని మీద నడుమెత్తున ఒక జిడ్డుచార. మగ్దలీనమ్మ గది గుమ్మం దగ్గర మొదలై, హాలు గోడంతా పాకి, వంటింటి దాకా పోయింది. చెయ్యి ఆనించి ఈడ్చుకుంటూ పోతే పడే చార అది. పెయింటరును బతిమాలి తెచ్చుకున్నది తనైతే, దాని మీద చేతులు తుడుచుకున్నది ఈవిడ.

స్నానం చేసి వచ్చి కూర్చున్న అత్త ఎదుట నిలబడింది.

"ఒక్క మాట అడగతాను, నిజం చెప్పండత్తా. ఈ ఇల్లు అమ్మేది మీకు ఇష్టమా, కాదా?"

"ఇష్టమే మే. అమ్ముకోమనే గదా చెప్పినాను."

"మరి ఆ పీటేంది? పెరట్లో దండెం తాడు విప్పేసినాను, మళ్ళీ కట్టినారు. కుర్చీ జరిపితే మళ్ళీ లాక్కొచ్చినారు. ఇప్పుడు కొత్త రంగంతా చేతులు పూసి పెట్టినారు. వచ్చే ఆయన ఇవి చూసి వెనక్కి పోవాలనా మీ ఆలోచన?"

మగ్దలీనమ్మ చూపు కోడలి మొహం మీద కాకుండా భుజం మీదుగా కిటికీ వైపు పోయింది. మొహం చూసి మాట్లాడటానికి కూడా మనసొప్పడం లేదు కాబోలునని అబిగయీలుకు ఇంకా మండింది.

"అలవాటు మే" అంది ముసలామె.

"రేపటి దాకా మీ అలవాట్లు పక్కన పెట్టండి. ఇంట్లో ఏదీ ముట్టుకోవద్దు. గోడ కూడా. నాకోసం."

"సరేలే. ముట్టుకోను."

అని రెండు చేతులూ ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది, సండే స్కూల్లో తిట్లు తిన్న పిల్లలాగా. అబిగయీలు పీటను ఈసారి కట్టెల చాటున కాదు, షెడ్డులో పెట్టి గొళ్ళెం వేసి వచ్చింది. కొంచెం బాధ కలిగిన మాట నిజమే. బస్సు గుర్తొచ్చి ఆ బాధను దిగమింగింది.

ఇక గులాబీ పువ్వుల పని. మైదా, కొబ్బరిపాలు కలిపిన పిండిలో ఇనప అచ్చు ముంచి నూనెలో వేయిస్తే పువ్వులా విచ్చుకునే ఆ పిండివంట లేకుండా వాళ్ళింట్లో క్రిస్మస్ జరగదు. ఏటా మగ్దలీనమ్మే వండేది. నూనె కాగిన చప్పుడు విని అచ్చు దించేది. ఈసారి అబిగయీలే బాండీ పెట్టింది. నూనె కాగుతుండగా ఫోను మోగింది. పద్మనాభయ్య. కావలిలో పనిమీద ఉన్నాననీ, రేపటి దాకా ఎందుకు, ఇంకాసేపట్లో వచ్చేస్తాననీ అన్నాడు. మాట సరిగా వినపడక ఆమె వీధి గేటు దాకా నడిచింది. దారి చెప్పింది. చర్చి పక్క సందు అంది. మాటల్లో పడి నూనె సంగతి మరిచిపోయింది.

లోపల కేక వినపడింది. ఆ వెంటనే ఇనుము నేల మీద పడిన చప్పుడు.

పరుగెత్తుకొచ్చేసరికి వంటిల్లంతా పొగ. బల్ల ఒక పక్కకు ఒరిగింది. బాండీ బోర్లా పడి ఉంది. నూనె మడుగుకు ఇవతల మగ్దలీనమ్మ మోకాళ్ళ మీద కూలబడి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉంది. అరచెయ్యి మొదలు మోచేతి దాకా చర్మం కమిలి ఊడి వస్తోంది. ఆమె ఏడవడం లేదు. నీళ్ళ బిందె ఉన్న గట్టు వైపు మొహం తిప్పి, "మాడు వాసన వచ్చిందిమే, పొయ్యి కట్టేద్దామని వచ్చినాను. దేన్నీ ముట్టుకోలా" అంటోంది.

మాటైతే నిలబెట్టుకుంది. గోడ పట్టుకోకుండా వచ్చింది. గుమ్మం దగ్గర పీట తగలక, ఎక్కడిదాకా వచ్చిందో తెలియక, తూలి బల్ల మీద పడింది.

నెల్లూరు ఆసుపత్రిలో కట్టు కట్టేటప్పుడు డాక్టరు ఆమెను ఇటు చూడమన్నాడు. ఆమె మాట వచ్చిన దిక్కుకు తిరిగింది గాని చూపు ఆయన మీద నిలవలేదు. ఆయన టార్చి వేశాడు. కళ్ళ ముందు చెయ్యి ఆడించాడు. ఈమెకు ఎన్నాళ్ళుగా చూపు లేదని అడిగితే, చూపు లేకపోవడమేంది సార్ అని జడ్సన్ అమాయకంగా నవ్వాడు. సాయంత్రానికి కళ్ళ డాక్టరమ్మ వచ్చి చూసి నీటికాసులు, అంటే గ్లకోమా అని చెప్పింది. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంటికి వెలుతురూ చీకటీ తప్ప ఏమీ తెలియదు. ముందే తెచ్చి ఉంటే ఉన్న చూపయినా నిలిచేదట. పోయింది ఇంక రాదు.

అబిగయీలు వరండాలో బెంచీ మీద కూలబడింది. ఒక్కొక్కటే గుర్తొచ్చి గుండెలో దిగుతోంది. ముక్కాలిపీట వంటింటి గుమ్మానికి గుర్తు. కుర్చీ చెయ్యి హాలు మధ్యకు గుర్తు. పెరట్లో దండెం తాడు బాత్రూము దాకా దారి. ఆదివారం గుడికి పోయేటప్పుడు తన మోచెయ్యి పట్టుకునేది, అత్తగారి పెద్దరికం అనుకుంది. పుస్తకం తెరవకుండా పాటలు పాడేది, భక్తి అనుకుంది. సూదిలో దారం ఎక్కించమంటే బద్ధకం అనుకుంది. ఒకే ఇంట్లో, ఒకే కంచాలు కడుగుతూ, ఇంత పెద్ద సంగతి కనిపించకుండా కళ్ళున్న తను ఏం చూసినట్టు? ఆ గోడ మీద చార చేతులు తుడుచుకున్న మరక కాదు. అది ఆమె నడిచిన బాట.

లోపలికి వెళ్ళి మంచం అంచున కూర్చుంది. ఎందుకు చెప్పలేదని అడిగింది.

"చెప్తే వీడు ఇల్లు అమ్మనిస్తాడా?" అంది మగ్దలీనమ్మ కొడుకున్న వైపు గడ్డం ఎత్తి. "చూపులేని తల్లిని తెలియని ఇంట్లో ఎట్టా పెట్టేదని మొరాయిస్తాడు. పదేళ్ళు నిలబడినావు నువ్వు ఆ బస్సులో. సాయంత్రం గేటు కాడ నీ అడుగు వింటేనే తెలస్తాది నాకు, ఆ రోజు ఏ కాలు ఈడస్తా ఉండావో. రిజిస్ట్రేషన్ అయిందాకా ఎట్టనో నెట్టుకొద్దామనుకున్నాను. నువ్వు సామాన్లన్నీ జరిపేసరికి నా చేత కాలా."

"ఆ తర్వాత? ఆ ఫ్లాట్లో ఏం చేద్దామనుకున్నారు?"

"ఏముందిలే. ఒక మూల కూర్చునేదానికి కళ్ళెందుకు."

జడ్సన్ లేచి బయటికి వెళ్ళిపోయాడు. అబిగయీలు కట్టు లేని చేతిని తన చెంపకు ఆనించుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

మరునాడు పొద్దున ఇల్లు చేరారు. నిన్న తాళం చూసి వెనక్కి పోయిన పద్మనాభయ్య వాళ్ళ వెనకే వచ్చాడు. పెద్దావిడను పలకరించి, ఇల్లంతా కలయదిరిగి, నచ్చిందన్నాడు. ఈరోజే బయానా తీసుకోమన్నాడు. నిర్ణయం భార్యకే వదిలేసి జడ్సన్ తల వంచుకున్నాడు.

"మేము అమ్మడం లేదండీ. మీకు పొయ్యి సంగతి కూడా నేను అబద్ధం చెప్పినాను" అంది అబిగయీలు.

ఆయన నొచ్చుకున్నాడు. ఈ రోజు దాటితే మళ్ళీ రానన్నాడు. ఆలోచించుకున్నాననే అంది ఆమె. గేటు మూసిన చప్పుడయ్యాక మాత్రం ఆయన సందు మలుపు తిరిగే దాకా చూస్తూ నిలబడింది. అబద్ధమెందుకు, ఆ ఫ్లాటు బాల్కనీలో ఏ మొక్క ఎక్కడ పెట్టాలో కూడా ఆమె ఎప్పుడో అనుకుని పెట్టుకుంది.

మగ్దలీనమ్మ మంచం మీద నుంచే కోప్పడింది. "నా కళ్ళు ఎట్టాగూ పోయినాయి. నీ కాళ్ళు కూడా పోవాల్నా?"

"కొత్త ఇంట్లో ఈ గోడ ఉండదు గదత్తా."

అంతకంటే ఏమీ అనలేదు. షెడ్డు గొళ్ళెం తీసి పీట తెచ్చింది. దండెం తాడు బిగించి కట్టింది. జడ్సన్ పొయ్యిని గట్టు మీదికి చేర్చాడు. కుర్చీ ఎక్కడుండాలో ఇద్దరికీ సరిగ్గా తెలియలేదు. మగ్దలీనమ్మను నడిపించుకొచ్చి అడిగితే, కట్టు చెయ్యి గుండెలకు ఆనించుకుని, ఎడమచేత్తో గాలిలో వెతుక్కుని, ఇంకొంచెం ఇటు అంది. కుడిచేతికి తెలిసిన ఇల్లు ఎడమచేతికి ఇంకా తెలియలేదు. మొదటి నుంచీ నేర్చుకోవాలి.

సోమవారం చీకటితో అబిగయీలు లేచింది. లైటు వెయ్యబోయి ఆగింది. కళ్ళు మూసుకుని గోడ మీద చార ఉండే ఎత్తున అరచెయ్యి ఆనించి నడిచింది. ఎన్నేళ్ళుగానో తిరిగిన ఇల్లే, అడుగు తీసి అడుగు వెయ్యాలంటే భయమేసింది. చాలాసేపటికి కుర్చీ చెయ్యి తగిలింది. ఇంకొంచెం పోగా పీట ఉండాల్సిన చోట చీర కుచ్చిళ్ళు తగిలాయి. పీట మీద మగ్దలీనమ్మ కూర్చుని ఉంది.

"లేచినావా మే" అంది ఆమె చీకట్లోంచి. "ఈరోజు ఎడమకాలు ఈడస్తా ఉండావు. బస్సులో ఎవరినన్నా సీటు అడుగు."

అబిగయీలు అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. అత్త ఒళ్ళో తల పెట్టుకుని, ఆ పూట బస్సు పోతే పోయిందని, తెల్లారే దాకా ఏడ్చింది.