చూపుడు వేలికి 'సి' అన్నాడు

"నిజంగానే నీకు స్వరాలు రావా?" అంది ఎమోకె.

"ఒట్టు. మా స్కూల్లో ఫుట్‌బాల్ తప్ప ఏమీ నేర్పలేదు" అన్నాడు బొటొండ్.

ఎమోకెకి ఆ రోజే అనుమానం వచ్చింది. తమ ఊరు కెచ్‌కెమేట్‌లో ఆరేళ్ళ పిల్లలు కూడా కొత్త పాట కాగితం చేతికిస్తే దో, రే, మీ అంటూ గడగడా పాడేస్తారు. ఇతనికేమో ఇరవై ఆరేళ్ళు. సరిహద్దు అవతల కొలొజ్వార్ నుంచి కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగానికి వచ్చాడట. ఏమీ రానివాడు బృందగానంలో ఎందుకు చేరినట్టు?

పైగా ఆ నెలలోనే, బృందాన్ని నడిపే పిరోష్కా టీచరు తనకో సహాయకురాలిని ఎంచుకోబోతోంది. ఆ పదవి కోసం ఎమోకె మూడేళ్ళుగా కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తోంది. సరిగ్గా ఇప్పుడే వీడు ఊడిపడ్డాడు. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట ఒకటి. ఆ సొట్టని కూడా ఆమె అనుమానంగానే చూసేది, కాకపోతే కాస్త ఎక్కువసేపు చూసేది.

గురువారాల్లో కొత్తవాళ్ళకి క్లాసు చెప్పేది ఎమోకే. మూడో గురువారం బయట వాన. మిగతావాళ్ళు రాలేదు, బొటొండ్ ఒక్కడే తడుచుకుంటూ వచ్చాడు.

ఒక్కో స్వరానికీ ఒక్కో చేతి సైగ. ఆమె పిడికిలి బిగించింది. "దో" అని పాడాడు. అరచెయ్యి బల్లలా చాపింది. "మీ" అన్నాడు. చూపుడు వేలు పైకెత్తింది.

"సి" అన్నాడు.

ఎమోకె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"ఏమన్నాను?"

"దీన్ని 'తి' అంటాం. మూడు వారాలుగా నేను 'తి' అనే చెబుతున్నాను. ఈ 'సి' ఎవరు నేర్పారు?"

బొటొండ్ చెవులు ఎర్రబడ్డాయి. "కొలొజ్వార్‌లో. మ్యూజిక్ స్కూల్లో ఎనిమిదేళ్ళు."

"ఫుట్‌బాల్ అన్నావు?"

"అదీ ఆడాను. చూడు, మా దో పెట్టినచోటే ఉంటుంది. మీ దో శ్రుతిని బట్టి పాటపాటకీ ఇల్లు మారుతుంది. నేను తడబడటం నాటకం కాదు."

"మిగతాదంతా నాటకమేగా. టీచరు పక్కన కుర్చీ కోసమేగా?"

"ఏ కుర్చీ?"

"అమాయకుడి వేషాలు నా దగ్గర వెయ్యకు" అని ఎమోకె గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు నేరుగా టీచరు ఇంటికెళ్ళింది. పిరోష్కా టీచరు సీసాల్లోకి ఆప్రికాట్ జామ్ ఎత్తుతోంది.

"ఆ బొటొండ్‌ని నమ్మకండి. వాడికి అన్నీ వచ్చు."

"తెలుసు. చేరిన రోజే చెప్పాడు" అంది టీచరు గరిటె ఆపకుండా. "అబ్బాయిల ముందు వరసలో నిలబడమన్నాను. 'కొత్తవాళ్ళకి చెప్పేది ఆ పచ్చ స్కార్ఫు అమ్మాయేనా?' అని అడిగాడు. అవునన్నాను. 'అయితే నాకేమీ రాదు' అన్నాడు."

ఎమోకె నిలదీసింది. "మరి నాకు చెప్పలేదేం?"

"ఎందుకు చెప్పాలి, నేనూ ఒకప్పుడు పాతికేళ్ళదాన్నే. నీ పేరు పోయిన వారమే కమిటీకి పంపాను, నీ కుర్చీ ఎక్కడికీ పోలేదు. పోయేదల్లా వాడే. పొద్దున వచ్చి పాటల ఫైలు ఇచ్చేశాడు. ఆ అమ్మాయి నా ముఖం చూడదు, మానేస్తున్నానన్నాడు."

మూడేళ్ళు ఎదురుచూసిన పదవి చేతికొచ్చింది. ఎమోకెకి మాత్రం ఏడుపొచ్చింది. ఈ మూడు వారాలూ గురువారం ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెట్టిన సంగతి తనకి తాను ఒప్పుకోక తప్పలేదు.

ఫైలు కోటు లోపల పెట్టుకుని వానలో కళ్ళజోళ్ళ షాపుకి పరిగెత్తింది. కౌంటరు వెనక బొటొండ్ అద్దాలు తుడుస్తున్నాడు.

"కళ్ళు చూపించుకోవాలా?" అన్నాడు భయంభయంగా.

"నా కళ్ళు బాగానే ఉన్నాయి. మనుషులే సరిగ్గా కనబడటం లేదు." ఫైలు అతని ముందు పెట్టింది. "ఇక కొత్తవాళ్ళ క్లాసుకి రాకు."

అతని ముఖం వాడిపోయింది.

"ముందు వరసలో నిలబడు. అబద్ధాలాడే బదులు అసలు సంగతేదో మొదటి రోజే చెప్పొచ్చుగా?"

"ఇప్పుడు చెబితే వింటావా?"

"చెప్పు, చూద్దాం."

బొటొండ్ గుడ్డ పక్కన పెట్టాడు. "నువ్వంటే నాకు ఇష్టం, ఎమోకె."

తన వంతు కోసం కుర్చీలో కూర్చున్న ముసలాయన పేపరు దించి చూశాడు. ఎమోకె కళ్ళు చిన్నవి చేసి, ఆ సొట్టని పరీక్షగా చూసింది.

"నాకింకా నమ్మకం కుదరలేదు" అంది. "మళ్ళీ చెప్పు."