ఖాళీగా ఉంచాల్సిన వేలు

మా పిన్ని పెళ్ళికూతుళ్ళకి గోరింటాకు పెడుతుంది. నేను ఆమె దగ్గర పని నేర్చుకుంటున్నాను. అంటే పొడి జల్లించడం, కోన్లు చుట్టడం, మధ్యమధ్యలో తిట్లు తినడం. పొడిని పల్చటి గుడ్డలో మళ్ళీ మళ్ళీ జల్లించాలి. ఒక్క నలక మిగిలినా కోన్ మూతిలో అడ్డం పడి, గీస్తున్న నెమలి కాస్తా కోడైపోతుంది. ఆ తర్వాత నిమ్మరసం, చక్కెర, నీలగిరి తైలం వేసి కలిపి, రంగు దిగేదాకా మూత పెట్టి ఉంచాలి.

మా పనిగదిలో బల్ల మీద ఒక రబ్బరు చెయ్యి ఉండేది. కుడిచెయ్యి, మోచేతి దాకా. ముందు దాని మీద నమూనా గీసి పెళ్ళికూతురికి చూపించేవాళ్ళం. రబ్బరుకి రంగు అంటదు కదా, తడిగుడ్డతో తుడిచేస్తే మళ్ళీ కొత్తదే. దానికి నేను ‘వదినగారు’ అని పేరు పెట్టాను. రోజూ రాగానే, “ఏం వదినా, నిద్ర పట్టిందా?” అని అడిగేదాన్ని. పిన్ని నవ్వేది కాదు. “దాన్ని పలకరించకు” అనేది.

పిన్నికి ఇంకో పట్టింపు కూడా ఉంది. రబ్బరు చేతి మీద ఎంత గీసినా ఒక వేలు ఖాళీగా వదిలేయాలి. ఎందుకని అడిగితే, “చెప్పింది చెయ్యి” అంతే.

ఆ వేళ పెళ్ళికూతురు మా అక్కే. మర్నాడు కాక ఆ మర్నాడు పెళ్ళి. మామూలు లతలూ పూలూ మా అక్కకి ఆనవు. బావ తొలిసారి కనిపించిన బస్టాపు కావాలట. ఆ రోజు తను పట్టుకున్న విరిగిన గొడుగు కావాలట. తన పిల్లి సరేసరి.

“బస్సు నంబరు కూడా వెయ్యనా?”

“వేస్తే నీ సొమ్మేం పోయింది?”

పిన్ని ఏదో కొనడానికి బయటికెళ్ళింది. పొద్దుట్నుంచీ ముసురు. సాయంత్రం కాకముందే గదిలో మసక చీకటి కమ్ముకుంది. నీలగిరి వాసనా, నానిన ఆకు వాసనా కలిసి గొంతులో పట్టేసినట్టుంది. రబ్బరు చేతి మీద అన్నీ గీశాను. చిటికెన వేలు వదిలేశాను.

“పాపం, అదేం తప్పు చేసిందే?” అంది అక్క.

“పిన్ని రూలు.”

“పెళ్ళి పిన్నిదా, నాదా? మొత్తం చూస్తేగానీ నాకు తెలీదు. నింపు.”

నాకూ చెయ్యి ఊరుకోదు. నింపేశాను. పిడుగేమీ పడలేదు. అక్క మురిసిపోయింది. అదే నమూనా తన కుడిచేతి మీద మొదలుపెట్టాను. సగం దాకా ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకుంటూనే ఉన్నాం. ఆ తర్వాత అక్క మాట తగ్గించింది.

“చెయ్యి చల్లబడుతోందే.”

“గోరింటాకు చలవ కదా. పెళ్ళికూతురివి, కాస్త ఓర్చుకో.”

చిటికెన వేలు కూడా ముగించి, ఆరడానికి కూర్చోబెట్టాను.

టప్...

వాననుకున్నాను.

టప్... టప్...

చప్పుడు బల్ల మీంచి వస్తోంది. రబ్బరు చేతి మీద ఎండిన ముద్ద రేకులు రేకులుగా రాలుతోంది. ఎవరూ గీకకుండానే. లైటు వేసి చూశాను. అడుగున రంగు పండింది. మనుషుల చేతికైతే ముందు నారింజ రంగు వస్తుంది, ముదరడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది. ఇది అప్పుడే నల్లబారినంత ఎరుపు.

వేలితో తాకాను.

వెచ్చగా ఉంది.

“అక్కా... చెయ్యి ఇలా ఇవ్వు.”

గబగబా గీకాను. కింద ఏమీ లేదు. నారింజ చుక్క కూడా లేదు. చర్మం నీళ్ళలో నానిన కాగితంలా తెల్లగా ఉంది.

“నొప్పిగా ఉందా?”

అక్క నా వంక చూసింది. “నువ్వు ముట్టుకున్నావా?” అంది మెల్లగా.

ఆ తెలుపు మణికట్టు దాటింది. మోచేతి దాకా వచ్చింది. ఇంకా పైకి... అక్క రెండో చేత్తో భుజం గట్టిగా పట్టుకుంది, అక్కడే ఆపేద్దామన్నట్టు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. పిన్ని వచ్చింది. చూసింది. తిట్టలేదు. పిన్ని తిట్టకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

“వేలు నింపారా?”

తలూపాను. “నిండా గీస్తే అది తనకే అనుకుంటుంది” అంటూనే పిన్ని రబ్బరు చేతిని తెచ్చి అక్క అరచేతికి ఆనించింది. పొడి జల్లించే గుడ్డతో రెండింటినీ కలిపి కట్టింది.

“ఇచ్చెయ్” అని గుసగుసగా అంది. మాతో కాదు, ఆ రబ్బరు చేతితో. “పెళ్ళి కావలసిన పిల్ల. దానిది దానికి ఇచ్చెయ్.”

గుడ్డ లోపల ఏదో కదిలింది. ఇరుకులో సర్దుకుని కూర్చుంటున్నట్టు... చాలాసేపు. తర్వాత ఆగిపోయింది.

కట్టు విప్పితే రబ్బరు చెయ్యి చల్లగా, మరక లేకుండా ఉంది. అక్క చేతి మీద బస్టాపు, గొడుగు, పిల్లి అన్నీ ఎర్రగా పండి ఉన్నాయి. అక్క వేళ్ళు ఆడించి చూసుకుని ఏడుస్తూనే నవ్వింది. నేనూ అంతే. పిన్ని మాత్రం అక్క చేతినే చూస్తూ నిలబడింది.

పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. వచ్చినవాళ్ళంతా ఆ చెయ్యి పట్టుకు చూసినవాళ్ళే. భోజనాలయ్యాక అక్క గదిలో ఒక్కతే ఉంటే వెళ్ళాను.

“ఫొటోల్లో బావకంటే నీ పిల్లే బాగా పడిందే!”

అక్క పకపకా నవ్వింది. కుడిచెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

“అబ్బా, నొప్పే. వదులు.”

ఇంకా బిగిసింది. అక్క నవ్వు ఆగిపోయింది. ఎడమచేత్తో ఆ వేళ్ళని ఒక్కొక్కటిగా విప్పబోయింది. ఒకటి విప్పేలోగా ఇంకోటి మూసుకుంటోంది.

బయట బావ పిలుస్తున్నాడు.

అక్క నా చెవి దగ్గరికి వంగింది.

“చెల్లీ... నేను పట్టుకోలేదే.”