పేర్లు గీకేసిన పాటలు

శనివారం పొద్దున తొమ్మిదింటికి నళిని లీసెస్టర్‌లో ఇంటికి చేరేసరికి, వంటింట్లో నిన్నటి వరలక్ష్మీ వ్రతం వాసన ఇంకా పోలేదు. వారం రోజులు లండన్ ఈస్ట్ హామ్‌లో పిన్ని ఇంట్లో గడిపి అప్పుడే బస్సు దిగి వస్తోంది.

"ముందు ప్రసాదం తిను. కబుర్లు తర్వాత," అంటూ వాసంతి నానబెట్టిన శనగలు, కొబ్బరి ముక్క ఒక చిన్న నల్ల గిన్నెలో పెట్టి కూతురికిచ్చింది.

అది 1973 ఆగస్టు. ఈ దేశం వచ్చి పదకొండేళ్ళయినా వాసంతి ఏ శ్రావణంలోనూ వ్రతం మానలేదు. పేరంటానికి వచ్చిన డాక్టర్ల భార్యలకి ప్లాస్టిక్ సంచిలో వాయనం ఇవ్వడం మాత్రం ఆమెకు నామోషీ. ఈసారి పక్కింటి మిసెస్ పార్కర్ ఒక ఉపాయం చెప్పింది. పాత గ్రామఫోను రికార్డుని బోర్లించిన గిన్నె మీద పెట్టి కాసేపు ఓవెన్‌లో ఉంచితే, మెత్తబడి తనే గిన్నెలా వంగుతుందట. వాసంతి అలా పన్నెండు గిన్నెలు చేసింది. అడుగున చిల్లు కనబడకుండా గుజరాతీ కొట్లో కొన్న తమలపాకు పరిచి ఇస్తే, వచ్చిన పదకొండు మందీ తెగ మెచ్చుకున్నారు. ఒకటి మిగిలింది.

నళిని పిన్ని కబుర్లు చెబుతూ శనగలు తింటోంది. గిన్నె సగం ఖాళీ అయ్యేసరికి అడుగున గుండ్రటి కాగితం కనిపించింది. శనగలు పక్కకి జరిపింది. కాగితం మీద చాకుతో గీసిన మూడు గీతలున్నాయి.

మాట మధ్యలో ఆపేసి మేడ మీదికి పరిగెత్తింది. మంచం కింద అట్టపెట్టె ఉన్నచోటే ఉంది. లోపల ఒక్క రికార్డూ లేదు.

ఆ పెట్టె సిల్వెస్టర్ అనే జమైకా ఆయనది. పగలు సిటీ బస్సులో కండక్టరు. శనివారం సాయంత్రాలు చర్చి హాల్లో బీరువాలంత స్పీకర్లు పెట్టి స్కా పాటలు వేస్తాడు. ఆ పాటల్లో గిటారు తాళం మీద పడదు, రెండు దెబ్బల మధ్య ఖాళీలో టక్కున తగులుతుంది. విన్నవాళ్ళ కాళ్ళు కుదురుగా ఉండవు. వాటి కాలం అప్పటికే చెల్లిపోయింది, జమైకాలోనే వాటిని వదిలేసి నెమ్మదిగా సాగే రెగ్గేకి మారిపోయారు. అయినా ఆ హాలుకొచ్చే పాతికమంది నర్సులు, చెప్పుల ఫ్యాక్టరీవాళ్ళు, బస్సువాళ్ళు కొత్తవి వద్దంటే వద్దన్నారు. ఫ్యాషనుతో పాటు పోయేది ప్రేమెలా అవుతుంది? స్కూల్లో తన పక్కన కూర్చునే నర్సుగారమ్మాయి వెంట రెండేళ్ళ క్రితం అక్కడికి వెళ్ళిన నళినికి ఆ పిచ్చే పట్టింది.

సిల్వెస్టర్ అద్దె గదిలో గోడలకి చెమ్మ. రికార్డులకి బూజు పడుతోందని బాధపడుతుంటే, "మా ఇంట్లో సెంట్రల్ హీటింగ్ ఉంది, నేను దాచిపెడతాను," అని నళినే అడిగి తెచ్చుకుంది. అంతకుముందు వాటిని ఆయన ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఈ శనివారం సాయంత్రానికి ఆ హాల్లో పాటలు మొదలుపెట్టి పదేళ్ళు. పెట్టె నళినే తీసుకెళ్ళాలి.

నళిని కిందికి వచ్చింది. ఖాళీ పెట్టె చేతిలోనే ఉంది.

"అమ్మా, అవి ఎవరివనుకున్నావు?"

"పాడైపోయినవి కదే? ఒక్కదాని మీదా పేరు లేదు, అన్నీ గీకేసి ఉన్నాయి. అయినా మీ నాన్నగార్ని అడిగే తీశాను. చెత్త, తీసెయ్ అన్నారు."

"నాన్న అన్నారా? తెచ్చిన రోజే ఆయనకి చెప్పాను. మిస్టర్ సిల్వెస్టర్‌వి, కేర్‌ఫుల్ అని."

డాక్టర్ ఆనందరావు నైట్ డ్యూటీ నుంచి వచ్చి ముందుగదిలో పేపరు చూస్తున్నాడు. ఇద్దరూ వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"రికార్డులేగా. వేరేవి కొనిస్తాను, పట్టుకెళ్ళి ఇచ్చెయ్," అన్నాడు తలెత్తకుండా.

"అవి షాపుల్లో దొరకవు నాన్నా. ఇంకో కాపీ ఎక్కడుందో ఆయనకే తెలీదు. నేనిప్పుడు ఆయన మొహం ఎలా చూడను?"

"చూడక్కర్లేదు. అక్కడికి వెళ్ళడం మానెయ్. మొన్న హాస్పిటల్లో మా కన్సల్టెంట్ అడిగాడు, మీ అమ్మాయి కలర్డ్ క్లబ్బులో డాన్సు చేస్తుందట కదా అని. పదకొండేళ్ళ నుంచీ ఆ తెల్ల డాక్టర్లు వద్దనుకున్న డ్యూటీలన్నీ నేను చేస్తున్నాను. ఇప్పటికైనా ఓ మంచి పోస్టు ఇస్తారని ఆశపడుతుంటే, ఈ నల్లవాళ్ళతో తిరుగుళ్ళేంటి?"

"వాళ్ళ దృష్టిలో మనం ఏం కలర్ నాన్నా?"

ఆనందరావు తేలు కుట్టిన దొంగలా పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అయితే మీకు తెలుసన్నమాట," అంది వాసంతి నెమ్మదిగా. "తెలిసి నా చేత చేయించారు. అది కూడా అమ్మవారి వాయనానికి."

"నీకు మాత్రం అది అక్కడికి వెళ్ళడం ఇష్టమా?" అన్నాడాయన పేపరు వెనక నుంచి.

వాసంతి ఉలిక్కిపడింది. వంటింట్లోకి వెళ్ళి, మిగిలిన ఆ ఒక్క గిన్నె కడిగి తుడిచింది. ఇచ్చిన వాయనం వెనక్కి అడగకూడదు. అడిగి తెచ్చినా అవి ఇక పాట పలకవు. చీర మార్చుకుని కోటు తొడుక్కుంది.

"పద. నేనూ వస్తాను."

హైఫీల్డ్స్ పేటలో సిల్వెస్టర్ ఉండే గదికి రెండంతస్తులెక్కాలి. తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న ఆయన డాక్టరుగారి భార్యని చూసి, ఉన్న ఒక్క కుర్చీ ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చోలేదు. గిన్నె ఆయన చేతిలో పెట్టి, వచ్చీరాని ఇంగ్లీషులో జరిగినదంతా చెప్పింది. భర్త మాట ఎత్తలేదు.

ఆయన గిన్నెని కిటికీ వెలుగులోకి తిప్పాడు. మూడు గీతల మీద బొటనవేలు ఆనించాడు.

"ఈ పేర్లు గీకింది నేనే మేడమ్," అన్నాడు. "నాలాగే హాళ్ళు నడిపే పోటీవాళ్ళు పక్క ఊళ్ళ నుంచి వచ్చి తొంగిచూసేవాళ్ళు. ఏ పాటో తెలిస్తే వాళ్ళూ తెప్పించుకుంటారని గీకేశాను. నాకు తెలియడానికి గుర్తులు పెట్టుకున్నాను. ఎవరికీ తెలియకూడదనుకున్నాను, చివరికి మీకూ తెలియలేదు."

"ఇది ఏ పాట?" అని అడిగింది వాసంతి.

ఆయన చెప్పబోయి ఆగిపోయాడు. "పాటే పోయాక పేరుతో ఏం పని?"

నళిని సారీ అనబోయి తల దించుకుంది. ఆయన ఆ పిల్ల వైపు చూశాడు. ఆ చూపులో కోపం కూడా లేదు.

"సాయంత్రం రా. తలుపు తెరిచే ఉంటుంది. నా రికార్డులు మాత్రం ఇంకెప్పుడూ ఎవరి చేతికీ ఇవ్వను."

ఆయన నాలుగు తిట్లు తిట్టినా నళినికి అంత బాధ ఉండేది కాదు. వెళ్ళొస్తామన్నప్పుడు ఆయన గిన్నె వాసంతికి తిరిగి ఇచ్చేశాడు.

"ఇది మీ గిన్నె మేడమ్."

బస్టాపులో ఇద్దరూ బెంచీకి ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు.

"తప్పంతా మీ నాన్నగారిదే అనుకుంటున్నావు కదూ?" అంది వాసంతి.

"ఆయనదే."

"కాదే. ఓవెన్‌లో పెట్టేటప్పుడు చూశాను. ఒక్కోదాని మీద ఒక్కో గుర్తు. ఒకదాని మీద ఇంటూ మార్కు, ఒకదాని మీద నెలవంక. చెత్త మీద ఎవరూ అంత ఓపిగ్గా గుర్తులు పెట్టుకోరు. ఇవి ఎవరికో ప్రాణమని నాకు అర్థమైంది. అర్థమయ్యే పెట్టాను."

నళిని తల తిప్పి చూసింది. "ఎందుకమ్మా?"

"శనివారం వస్తే నీ మొహం వెలిగిపోయేది. మన ఇంట్లో నువ్వెప్పుడూ అలా ఉండలేదు. నేనది ఓర్చుకోలేకపోయాను."

పొద్దుటి నుంచీ రాని ఏడుపు నళినికి అప్పుడొచ్చింది. వాసంతి చెయ్యి చాచి, భుజం మీద వెయ్యడానికి మొహం చెల్లక వెనక్కి తీసుకుంది. బస్సొకటి వచ్చి ఆగి వెళ్ళిపోయింది. ఇద్దరూ లేవలేదు.

"సాయంత్రం నేను వెళ్ళలేనమ్మా," అంది నళిని చివరికి. "ఆ పాటలు వెయ్యమని అందరూ అడుగుతారు. ఆయన ఏం చెప్తారు?"

"ఆయనెందుకు చెప్పాలి? నేను వచ్చి చెప్తాను. ఇష్టమొచ్చినట్టు తిట్టనీ, పడతాను. ఎన్నింటికి?"

నళిని కళ్ళు తుడుచుకుంది. తల్లి వైపు చూడలేదు. ఇంకో బస్సు దూరంగా మలుపు తిరిగింది.

"ఆరింటికి," అంది.