చావుకాగితం వెనక సిగ్నల్

బల్గేరియాలో, డాన్యూబ్ నది ఒడ్డునున్న రూసే ఊరి ఆసుపత్రిలో, మా పిల్లలకి టీకాలు వేయించే గదికి రెండు దారులున్నాయి. నేనెప్పుడూ పిల్లల్ని చుట్టూ తిప్పే తీసుకెళ్తాను. అడ్డదారి కింది అంతస్తులో, మూతబడ్డ లాండ్రీ గది పక్కనుంచి పోతుంది. చీకటి పడ్డాక నర్సులు కూడా అక్కడ ఆగరు.

ఆ గది గోడమీద స్టామెన్ చావుకాగితం ఉండేది. ఇక్కడ మనిషి పోతే ఫొటోతో కాగితం అచ్చువేసి ఇంటి తలుపుకీ, పనిచేసిన చోటా అంటిస్తారు. దాన్ని ఎవరూ చింపరు. వానకో తేమకో అదే ఊడిపోవాలి.

స్టామెన్ అక్కడ కంప్యూటర్లు చూసేవాడు. ఎవరో ఆసుపత్రి కంప్యూటర్లకి దొంగతనంగా వైఫై పెట్టె తగిలించారు. దాంట్లోంచి రోగుల వివరాలు బయటికి పోయాయి. పెట్టె మాత్రం దొరకలేదు.

"స్టామెనే దాచేశాడు," అన్నాడు పైఅధికారి వెలిచ్కో.

"నాది కాదు... నాది కాదు..." అని స్టామెన్ ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఉద్యోగం తీసేశారు. ఆ చలికాలమే ఆయన గుండె ఆగిపోయింది.

కాగితం అంటిస్తూ ఆయన భార్య దోన్కా ఏడవలేదట. "దీన్ని చింపే చెయ్యే నా మనిషి ఉసురు తీసింది," అని మాత్రం అందట.

ఆ తర్వాతి సంగతి నాకు పెన్కా చెప్పింది. ఆమె వెలిచ్కో కిందే పనిచేసేది.

రాజధాని సోఫియా నుంచి తనిఖీకి వస్తారనగా ముందురోజు సాయంత్రం, ఆసుపత్రిలో కొత్త వైఫై ఒకటి కనబడింది. దాని పేరు — "నాది కాదు".

వెలిచ్కో మొహం పాలిపోయింది. ఇంకో దొంగ పెట్టె బయటపడితే ఈసారి పోయేది తన ఉద్యోగమే.

ఆయనా, పెన్కా టాబ్లెట్ పట్టుకుని వెతకడానికి బయల్దేరారు. పెట్టె దగ్గరయ్యే కొద్దీ తెరమీద గీత పైకి లేస్తుంది. పై అంతస్తుల్లో పడుకునే ఉంది. మెట్లు దిగుతుంటే... లేచింది.

"బతికుండగా స్టామెన్‌కి జీతం పెంచలేదు. పోయాక సిగ్నల్ పెంచుకున్నట్టున్నాడు," అంది పెన్కా, తన భయం పోగొట్టుకోడానికి.

"నోర్మూసుకుని నడువు."

లాండ్రీ గది దగ్గర దీపాల్లేవు. గీత నిటారుగా నిలబడింది — సరిగ్గా కాగితం ముందు. ఫొటోలోంచి స్టామెన్ చూస్తున్నాడు.

"వద్దండీ... దోన్కా ఏమందో మర్చిపోయారా?"

"రేపు తనిఖీ నీకా, నాకా?"

వెలిచ్కో గోళ్ళతో కాగితం చింపేశాడు.

వెనక గోడలో, పాత స్విచ్చుబోర్డు పీకేసిన గుంట. అందులో చిన్న తెల్ల పెట్టె. మూతమీద సుత్తి దెబ్బ. పచ్చదీపం మెరుస్తోంది... దానికి వైరే లేదు. అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. నది బురద వాసన.

వెలిచ్కో మూతమీది సుత్తి దెబ్బని వేలితో తడిమాడు.

"ఇదెలా వచ్చింది... నేనే కదా దీన్ని పగలగొట్టి డాన్యూబ్‌లో పారేసింది..."

పెన్కా టాబ్లెట్ వెలుగు ఆయన మొహం మీదికి తిప్పింది.

"అయితే... ఆ పెట్టె మీదా?"

"నాది కాదు," అన్నాడు వెలిచ్కో.

ఆమె చేతిలో టాబ్లెట్ మినుకుమంది. తెరమీద వైఫై పేరు మారింది.

"నీదే".

మర్నాడు తనిఖీ వాళ్ళముందు పెన్కా ఏదీ దాచలేదు. వెలిచ్కోని అక్కడికక్కడే పంపించేశారు. ఆ మాట చెబుదామని ఆమె దోన్కా ఇంటికి వెళ్ళింది.

దోన్కా తలుపు తీసింది. పెన్కా నోరు తెరవకముందే, మెల్లగా అడిగిందట —

"చింపాడా?"